పడని గింజ

మహాలయ పక్షాలు వచ్చాయంటే భోక్తకి ఊపిరి సలపదు. పోయిన పెద్దల స్థానంలో పీట మీద కూర్చుని, వాళ్ల పేర వడ్డించినదంతా వాళ్ల బదులు తినడం భోక్త పని. కూటికోసం కోటి విద్యలన్నారు గానీ, కూడు తినడమే విద్య అయినవాడి అవస్థ ఆ మాట అన్నవాడికి తెలిసి ఉండదు. గన్నవరం సూరయ్యకి తెలుసు. తండ్రి నుంచి అతనికి సంక్రమించినవి ఒక తాటాకిల్లు, నాలుగు మంత్రాలు, ఈ పని.

ఆ పొద్దున సూరయ్య వసారాలో బోర్లా పడుకుని ఉంటే భార్య భూలక్ష్మి గొంగళి ముక్కతో వీపు రుద్దుతోంది. మెడ దగ్గర నుంచి నడుము దాకా దద్దుర్లు కందగడ్డ మీది బుడిపెల్లా లేచి ఉన్నాయి.

"నిన్న కూడా తిన్నారా?" అంది భూలక్ష్మి.

"తినలేదే. గారె తుంచిన చేత్తోనే అన్నం కలుపుకున్నాను. అంతే."

"చెయ్యి కడుక్కోవలిసింది."

"విస్తరి ముందు కూర్చున్నాక మధ్యలో చెయ్యెలా కడుక్కుంటారే?"

భూలక్ష్మి రుద్దిన చోట చర్మం ఎర్రబడితే ఆపి, పక్కచోట మొదలుపెట్టింది.

సూరయ్యకి మినుములు పడవు. లోకమంతటికీ బలమిచ్చే గింజ అతని లోపలికి వెళ్తే దద్దుర్లవుతుంది. ఇంకాస్త వెళ్తే వాంతి. మరీ ఎక్కువైతే గొంతు బిగుసుకుపోయి గాలి అందదు. అలా ఒకసారి అయింది; ఆ పూట భూలక్ష్మి తాళిబొట్టు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. వైద్యుణ్ణి అడిగితే, "మినుము పడకపోవడం ఏవిటండీ, వేడి చేసుంటుంది, మజ్జిగ తాగండి" అని పంపేశాడు. తింటే గారెలే తినాలని చెప్పుకునే జాతిలో పుట్టి, గారెలు నాకు పడవు అంటే ఎవడు నమ్ముతాడు? అందుకని మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ సంగతి గడప దాటనివ్వలేదు.

భూలక్ష్మి వంటింట్లోకి మాత్రం మినపగింజ రాదు. అప్పడం లేదు, వడియం లేదు, పోపులో పప్పు లేదు. మినుములోని బలం వేరేచోట వెతికి తేవడమే ఆవిడ కాపురం. పెసరకట్టు ఒకపూట, ఉలవచారు ఒకపూట. మట్టి పూసి దాచిన పనసపిక్కలు నిప్పుల్లో కాల్చి పెడుతుంది. కాలవ గట్టు మీద పొన్నగంటికూర, పెరట్లో మునగాకు, కంద, కొబ్బరి. వంకాయ కూడా అతనికి దురదే గనక అదీ మానేసింది. ఇంటి తిండి తిన్న నాలుగు రోజుల్లో సూరయ్య బుగ్గలు నిండుతాయి. పైవాళ్ల తిండి తిన్న పక్షంలో కళ్లు లోపలికి పోతాయి. ఊళ్లో వాళ్లు మాత్రం, "సూరయ్యగారికేం, రోజూ పిండివంటలే" అంటారు. వినీ వినీ అతనికి కోపం రావడం కూడా మానేసింది.

"ఇవాళ ఎవరింట్లో?" అంది భూలక్ష్మి గొంగళి దులుపుతూ.

"కింది అగ్రహారం గోవిందరాజులుగారింట్లో. తండ్రి తిథి."

"ఒంట్లో ఇంకా తగ్గనే లేదు. రాలేనని కబురు పెట్టకూడదూ?"

"నిన్ననే వచ్చి పిలిచి వెళ్లేరు. ఒప్పుకున్నాక మానేస్తే ఇంకోసారి ఎవరు పిలుస్తారే?" అని సూరయ్య లేచి ఉత్తరీయం వెతుక్కున్నాడు.

*

కొత్త కాలవ పారిన దగ్గర నుంచి కింది అగ్రహారం కళే మారిపోయింది. గోవిందరాజులుకి ముప్ఫయ్యేళ్లుంటాయి. తండ్రి పోయాక పొలమూ ఇల్లూ అతనివే, పెత్తనం తల్లి సూర్యకాంతమ్మది. పెళ్లాం సత్యవేణిది కొత్తపేట. కాపురానికి వచ్చి రెండేళ్లు కాలేదు. ఈసారి తద్దినం వంట మొదటిసారి ఆ పిల్ల చేతికిచ్చారు. తడి చీరతో పొద్దుటి నుంచీ పొయ్యి ముందు కూర్చుని పొగకి కళ్లు వాచిపోయాయి.

గోవిందరాజులు వాకిట్లో సూరయ్య కాళ్లు కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నాడు. దేవతల పీట మీద తాతారావు అనే మరో భోక్త కూర్చున్నాడు. అతనికి రాళ్లు పెట్టినా అరుగుతాయి. పెద్దల పీట సూరయ్యది. ఆ పీట మీద కూర్చున్న క్షణం నుంచీ అతను సూరయ్య కాడు, గోవిందరాజులు తండ్రి. తలుపు వారగా నిలబడ్డ సూర్యకాంతమ్మ కళ్లు అందుకే అతన్ని వదలడం లేదు.

వడ్డన అయింది. గోవిందరాజులు సూరయ్య బొటనవేలు పట్టుకుని ఒక్కొక్క పదార్థానికీ తాకించాడు. గారెకి తాకించినప్పుడు సూరయ్యకి ఆ వేలి కొసన దురద మొదలైనట్టే అనిపించింది. భోక్త తింటున్నప్పుడు నోరు విప్పకూడదు. బావుందనకూడదు, బాగాలేదనకూడదు, వద్దనకూడదు.

నోరు లేనివాడికి చేతులే దిక్కు. సూరయ్య ఎడమపక్క అన్నాన్ని కాస్త ఎత్తుగా పోగుచేశాడు. గారె మీద పెరుగు పడేట్టు విస్తరి కొంచెం వంచాడు. మెత్తబడ్డ గారెని మునివేళ్లతో అన్నం కిందికి జరిపాడు, చెయ్యి మాత్రం నోటిదాకా తీసుకెళ్లి, దవడ ఆడించాడు. రెండో గారె విస్తరి మడత కిందికి పోయింది. భోజనాలయ్యాక భోక్త విస్తరి గోతిలో పూడ్చేస్తారు గనక ఇన్నేళ్లలో ఎవరూ ఆ మడత విప్పి చూడలేదు. ఈ పనితనం అతనికి ఎవరూ నేర్పలేదు.

గారెల గండం గడిచింది కదా అని సూరయ్య ఆకలిగా అరటికాయ కూర మీద పడ్డాడు. ముందు రాత్రి నుంచీ ఉపవాసం. ప్రతి తద్దినంలోనూ అతనికి కడుపు నింపేది అరటికాయ కూరా, పెసరపప్పూ, పరమాన్నమూను. కూర కమ్మగా ఉంది. మామూలు తద్దినపు కూరలా చప్పగా లేదు. సైగ చేసి మారు వేయించుకున్నాడు. తలుపు దగ్గర సూర్యకాంతమ్మ ముఖం విప్పారింది.

పరమాన్నంలోకి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి. పెదవి లోపల ఏదో పాకింది. సూరయ్యకి అర్థమయింది గానీ ఎక్కడ నుంచి వచ్చిందో అర్థం కాలేదు. లేచి పోదామా అంటే భోక్త మధ్యలో లేస్తే తద్దినం చెడుతుంది. కూర్చుందామా అంటే కడుపు మెలితిరుగుతోంది. కక్కలేక మింగలేక అంటారే, అది అక్షరాలా అతని స్థితి. కళ్లు మూసుకుని, పీటని రెండు చేతులా పట్టుకుని, ఎంతసేపు ఆపగలడో అంతసేపు ఆపాడు. "తృప్తి అయిందా" అని గోవిందరాజులు అడగడానికి ఇంకా కాస్త వ్యవధి ఉండగా, ఆ విస్తట్లోనే మొత్తం కక్కేశాడు.

మంత్రం ఆగిపోయింది. తాతారావు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"అయ్యో, ఆయనకి నచ్చలేదురా!" అని సూర్యకాంతమ్మ గొల్లుమంది.

చెదిరిపోయిన విస్తట్లో, కూలిన అన్నం కుప్ప పక్కన, ముట్టని గారెలు రెండూ బయటపడి ఉన్నాయి.

*

ఆ తరవాత సంగతి సూరయ్యకి తాతారావు మోసుకొచ్చాడు. సూరయ్య రెండు రోజులుగా జావ తాగుతూ నులకమంచం మీదే ఉన్నాడు. తాతారావు వసారాలో చతికిలబడి, భూలక్ష్మి ఇచ్చిన చెరుకు ముక్క నములుతూ మొదలెట్టాడు.

"మీ తప్పేం లేదండీ సూరయ్యగారూ. బెంగెట్టుకోకండి. అంతా ఆ పిల్ల నిర్వాకం."

"ఏ పిల్లండీ?"

"గోవిందరాజులుగారి భార్యండీ. దూరం కూచోవలిసిన రోజులు దాచిపెట్టి మడి కట్టుకుని వండేసిందంట. లేపోతే పెద్దాయన గారె ముట్టకుండా మిగతాదంతా కక్కేయడమేవిటి? ఆయనకి బతికున్నాళ్లూ గారెలంటే ప్రాణం. సూర్యకాంతమ్మ పిన్నిగారు ఒకటే ఏడుపండి. పిల్లని గొడ్లసావిట్లో కూచోబెట్టేరు."

"ఆ అమ్మాయి ఏవంటోంది?"

"నేను ఏ పాపమూ ఎరగనంటోంది. ఎవరైనా అదే అంటారు కదండీ." తాతారావు పిప్పి ఊశాడు. "ఎల్లుండి మళ్లీ తద్దినం పెట్టుకుంటున్నారు. ఈలోగా రేపు మధ్యాహ్నం పడవకి కొత్తపేట పంపించేస్తున్నారు. మళ్లీ తీసుకొచ్చుకుంటారని నాకు నమ్మకం లేదు. మీరు మాత్రం తేరుకోండి. అమావాస్యకి మూడిళ్లవాళ్లు మిమ్మల్నే అడుగుతున్నారు. పెద్దల కోపం ఉన్నదున్నట్టు చూపించే భోక్త అని పేరొచ్చింది మీకు."

అతను వెళ్లాక సూరయ్య చాలాసేపు పైకప్పు తాటాకులు చూస్తూ పడుకున్నాడు. తన చేతుల పనితనమంతా ఒక ఆడపిల్ల మెడకి చుట్టుకుందన్న ఊహ అతనికి మినుము కన్న ఎక్కువ మంట పెట్టింది. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే భయం.

"చెప్పాలే," అన్నాడు చివరికి.

భూలక్ష్మి బియ్యం ఏరుతోంది. చేట ఆపలేదు. "చెప్తే మనల్నింక ఎవరు పిలుస్తారండీ?"

"ఎవరూ పిలవరు."

"మరి మనవేం తింటాం?"

సూరయ్య గోడవైపుకి ఒత్తిగిల్లాడు. భూలక్ష్మి చేటలో రాళ్లు ఏరి పారేసి, బియ్యం కడిగి, పొయ్యి వెలిగించింది. అన్నం ఉడుకుతుండగా చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. పొగ అనుకుందామంటే పొయ్యిలో మంట బాగానే ఉంది.

"ఆ అమ్మాయిది కొత్తపేటా?" అంది.

"ఆఁ."

"మా ఊరే." పొయ్యిలో పుల్ల ఎగదోసి, "పొద్దున్నే వెళ్లండి. చెప్పేసి వచ్చేయండి. అక్కడ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టుకోకండి," అంది.

*

సూరయ్య వెళ్లేసరికి సూర్యకాంతమ్మ అరుగు మీద కూర్చుని మర్నాటి తద్దినానికి మినప్పప్పు బాగుచేస్తోంది. కన్ను సరిగా ఆనక ప్రతి గింజనీ వేలితో తడిమి చూస్తోంది. గొడ్లసావిడి గుమ్మంలో సత్యవేణి మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. పక్కన బట్టల మూట. గోవిందరాజులు పడవ కోసమే కాబోలు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"రండి సూరయ్యగారూ. ఒళ్లు కుదురుకుందాండీ? మా వల్ల మీకు ఎంత కష్టం వచ్చింది," అన్నాడు గోవిందరాజులు.

"మీ వల్ల కాదండీ. ఆ అమ్మాయి వల్ల అంతకన్నా కాదు," అన్నాడు సూరయ్య నిలబడే. కూర్చుంటే చెప్పలేనని అతనికి తెలుసు. "నాకు మినుములు పడవండీ. చిన్నప్పటి నుంచీ ఇంతే. గారెలు మీ నాన్నగారు వదిలేసినవి కావు, నేను దాచినవి. ప్రతి ఇంట్లోనూ అలాగే దాస్తాను. ఇది పెద్దల కోపం కాదు, నా ఒంటి తెగులు."

సూర్యకాంతమ్మ చేట మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"గారెలు మీరు తినలేదు కదండీ," అన్నాడు గోవిందరాజులు నెమ్మదిగా. "మరి వాంతి ఎందుకయింది?"

సూరయ్యకి మూడు రోజులుగా తెగని ప్రశ్న అదే. గొడ్లసావిడి నుంచి గొంతు వినిపించింది. సన్నగా, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది.

"అరటికాయ కూరలో మినప్పప్పు వేయించి పొడిచేసి చల్లేనండి. పోపు పెట్టకూడదు కదా, చప్పగా ఉంటుంది, మావయ్యగారికి కమ్మగా ఉండాలని."

సూరయ్య తల ఊపాడు. "అదేనమ్మా. మారు కూడా వేయించుకున్నాను."

కారణం దొరికింది, ఇక పని అయిపోయిందనుకున్నాడు పాపం. గోవిందరాజులు మొహం మెత్తబడలేదు.

"సూరయ్యగారూ, మీరు జాలిగుండె మనిషి. ఆడపిల్ల ఉసురు పోసుకోకూడదని నింద మీద వేసుకుంటున్నారు. మినుములు పడకపోవడమేవిటండీ? బాలెంతకి పెడతాం, దూడకి పెడతాం. ఎక్కడైనా విన్నామా?"

"నేనూ వినలేదురా," అంది సూర్యకాంతమ్మ. అనైతే అంది గానీ, ఆవిడ చూపు మొదటిసారి గొడ్లసావిడి వైపు వెళ్లింది.

సూరయ్యకి ఒక్కసారిగా ఎక్కడలేని అలసటా వచ్చింది. నడిచి వచ్చిన దారి, ఇన్నేళ్ల విస్తళ్లు, ఇన్నిసార్లు ఆడించిన వట్టి దవడ, అన్నీ కలిసి భుజాల మీద కూర్చున్నట్టయింది. నిజం చెప్పడానికి ఇంత దూరం వస్తే నిజానికి సాక్ష్యం కావాలంటున్నారు. భూలక్ష్మి మాట గుర్తొచ్చింది. గొంతు బిగుసుకున్న ఆ పూట గుర్తొచ్చింది. అరుగు దగ్గరికి వెళ్లి, వంగి, సూర్యకాంతమ్మ ఒళ్లోని చేటలోంచి గుప్పెడు పప్పు తీసుకున్నాడు.

"ఏవిటది సూరయ్యా?" అంది ఆవిడ.

"ఇప్పుడు నేను మీ ఆయన్ని కానండీ పిన్నిగారూ. పీట లేదు, మంత్రం లేదు. వట్టి సూరయ్యని. చూడండి," అని పప్పు నోట్లో పోసుకుని నమిలాడు.

పచ్చిపప్పు పళ్ల కింద పటపటలాడింది. అతను నమలడం ముగించి, మింగి, ఉత్తరీయం తీసి అరుగు మీద పెట్టి, వీపు వాళ్లవైపు తిప్పి నిలబడ్డాడు. పెరట్లో కొబ్బరాకు ఒకటి ఊడిపడింది.

మొదట చెవి కింద ఎర్రబడింది. తరవాత మెడ. ఆ తరవాత, వాళ్లు చూస్తుండగానే, భుజాల మీద నుంచి నడుము దాకా దద్దుర్లు ఒకదాని పక్కన ఒకటి లేచి కలిసిపోయాయి. పెదవులు ఉబ్బాయి. సూరయ్య గొంతు పట్టుకుని ముందుకి రెండడుగులు వేసి, కొబ్బరి పాదు దగ్గర మోకాళ్ల మీద పడ్డాడు. ఊపిరి పిల్లనగోవి కూతలా వస్తోంది.

"బాబయ్యగారూ!" అంటూ సత్యవేణి నీళ్ల చెంబుతో పరిగెత్తుకొచ్చింది. ముట్టుకోకూడదన్న మాట ఆ పిల్లకి గుర్తులేదు, అక్కడ ఉన్నవాళ్లకీ గుర్తులేదు. అతను కక్కుతుంటే తల పట్టుకుంది. కక్కిన కొద్దీ ఊపిరి దారి కొంచెం కొంచెంగా తెరుచుకుంది. దోసిట్లో నీళ్లు పోసింది. గోవిందరాజులు రెండు చేతులూ వేలాడేసుకుని నిలబడి, ఆ వీపునే చూస్తున్నాడు.

సూర్యకాంతమ్మ అరుగు దిగి వచ్చింది. సూరయ్యని చూసింది, కోడల్ని చూసింది. మట్టిలో మోకాళ్ల మీద ఉన్న ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"లోపలికెళ్లి వాము పట్రా. వంటింట్లో పై చూరులో ఉంటుంది," అంది.

సత్యవేణి తల ఎత్తి అత్తగారి మొహంలోకి చూసింది. తరవాత లేచి వంటింట్లోకి వెళ్లింది.

*

ఎండ దిగాక సూరయ్య అరుగు మీద గోడకి చేరబడి కూర్చోగలిగాడు. గోవిందరాజులు పడవవాణ్ణి వెనక్కి పంపేసి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కోపంగా లేడు. అలాగని చల్లగానూ లేడు.

"ముందే చెప్పి ఉండవలిసిందండీ మీరు. తెలిసి తెలిసి మా నాన్నగారి పీట మీద కూర్చున్నారు. రేపటికి వేరేవాళ్లని పిలుచుకుంటాం. పురోహితుడుగారికి కూడా ఈ సంగతి చెప్పాలి, తప్పదు."

"ఆయ్, చెప్పండి. న్యాయమేనండి," అన్నాడు సూరయ్య. పురోహితుడికి చెప్తే గన్నవరం నుంచి అమలాపురం దాకా చెప్పినట్టే. ఇన్నాళ్లూ దాచుకున్నది దాటిపోయింది. తేలిగ్గా ఉంటుందనుకున్నాడు గానీ, ఖాళీగా ఉంది.

గోవిందరాజులు లోపలికి వెళ్లిపోయాడు. సూరయ్య చెప్పులు వెతుక్కుంటుంటే తలుపు చాటు నుంచి సత్యవేణి గొంతు వినిపించింది.

"బాబయ్యగారూ, కాస్త తిని వెళ్లండి."

"వద్దమ్మా. నా తిండితో పెద్ద గొడవ. నాకు పడనివి ఎన్నని చెప్పను?"

"పడనివి కాదండి. పడేవి చెప్పండి. ఏం పెట్టమంటారు?"

సూరయ్య నోరు తెరిచాడు. ఎన్నో ఇళ్లలో, ఎన్నో పేర్లతో, ఎందరో పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ తిన్నాడు. ఆ అడిగినదానికి జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

"పెసరకట్టు," అన్నాడు చివరికి. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "కంద. ఉప్పేసి ఉడకబెట్టినా చాలు. తోటకూర ఉంటే తోటకూర. కొబ్బరి వెయ్యొచ్చు. మజ్జిగ పడుతుందమ్మా."

"ఇంగువ పడుతుందాండి?"

"పడుతుంది."

"కూర్చోండి మరి," అంది ఆ పిల్ల. లోపల పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించింది.

ఊరు చేరేసరికి చీకటి పడబోతోంది. కాలవ గట్టు మీదే భూలక్ష్మి ఎదురొచ్చింది. అతని మెడ మీది దద్దుర్లు చూసి నుదురు కొట్టుకుంది. "తిన్నారు కదూ! ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పేను?"

"ఆ పిల్లని వాళ్లు పంపించడం లేదే," అన్నాడు సూరయ్య. "మనకి మాత్రం ఇంక పిలుపులు రావు."

భూలక్ష్మి అతని భుజం మీది ఉత్తరీయం అందుకుంది. ఇద్దరూ గట్టు వెంట ఇంటివైపు నడిచారు.

"పొద్దుటి నుంచీ ఏవైనా పడిందా కడుపులో?" అంది.

"అన్నం పెట్టేరే."

భూలక్ష్మి గతుక్కుమని ఆగింది. "ఏం పెట్టేరు?"

"అడిగి పెట్టేరు," అన్నాడు సూరయ్య. అని, గట్టు మీద అలాగే కూలబడి, పసిపిల్లాడిలా ఏడ్చాడు.